ఒపెరా దీవా వేషం కట్టి నవ్వించాలంటే ఏం చేయాలి, ఎలా చేయాలి

మగవాళ్ళు నేల మీద జీరాడే గౌను వేసుకుని, తల మీద కిరీటం పెట్టుకుని, ఒపెరా అనే పాశ్చాత్య సంగీత నాటకాల్లో సొప్రానోల్లాగా, అంటే అన్నిటికన్నా పైస్థాయిలో పాడే గాయనుల్లాగా పాడుతూ జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే కళ ఒకటుంది. దానికి పెట్టింది పేరు న్యూయార్క్‌లో 1981లో ఐరా సిఫ్ మొదలుపెట్టిన లా గ్రాన్ షేనా ఒపెరా కంపెనీ. అందులో హీరోయిన్లు అందరూ మగవాళ్ళే, రికార్డు పెట్టి పెదాలు కదపడం కాదు, నిజంగా పాడేవాళ్ళు, ఫాల్సెట్టోలో, అంటే మనవాళ్ళు దొంగ గొంతు అంటారే అదే. సిఫ్ వేసిన పాత్ర పేరు మేడమ్ వేరా గలూపే-బోర్ష్, డ్రమాటిక్ సొప్రానో అనకుండా ట్రామాటిక్ సొప్రానో, అంటే వింటే దెబ్బ తగిలే సొప్రానో, అని చెప్పుకునే దీవా, దీవా అంటే స్టార్ గాయని, ప్రతి ఏడాదీ వీడ్కోలు కచేరీ ఇచ్చి మళ్ళీ ఏడాది ఇంకో వీడ్కోలు కచేరీకి వచ్చేసేది. ఇది గాల్లోంచి పుట్టిన జోకు కాదు, 19వ శతాబ్దంలో అడెలీనా పట్టీ అనే మహాగాయని నిజంగానే వీడ్కోలు టూర్ల మీద వీడ్కోలు టూర్లు చేసింది.

ఇలాంటి ఐటమ్ ఒకటి మీరు కూడా చేయొచ్చు, పది పన్నెండు నిమిషాలది, కాలేజీ స్టేజ్ మీదైనా, మగవాళ్ళు ఆడవేషాలు కట్టి ఆడే డ్రాగ్ నైట్‌లో అయినా. దానికి నా వైపు నుంచి ఒకటే షరతు, ఆ సంగీతం అంటే మీకు ప్రాణం అయ్యుండాలి. సిఫ్ కుర్రతనంలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా థియేటర్లో నిలబడి చూసే చవక టికెట్లు కొనుక్కుని రాత్రుళ్ళు రాత్రుళ్ళు ఆ గాయనుల్ని విన్న మనిషి, తర్వాత అదే మెట్ రేడియో ప్రసారాల్లో వ్యాఖ్యాతగా కూర్చున్నాడు. అంత విన్నాడు కాబట్టే అంత నవ్వించగలిగాడు. పైపైన చూసి "లావుపాటి ఆవిడ గట్టిగా అరుస్తుంది" అన్నంత మాత్రమే తెలిసినవాడు చేస్తే రెండో నిమిషానికి జనం ఫోన్లు తీస్తారు.

ముందు సీన్ ఎంచుకోండి, ఒక్కటే

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇటాలియన్ స్వరకర్త పుచ్చీనీ రాసిన తోస్కా అనే ఒపెరా, రెండో అంకం చివర. 1900 జనవరి 14న రోమ్‌లో మొదటిసారి ఆడింది. ఇది ఎందుకంటే హీరోయిన్ ఫ్లోరియా తోస్కానే ఒక ఒపెరా గాయని, కథలోనే ఆవిడ దీవా, కాబట్టి మీరు దీవాగా దీవా వేషం వేస్తున్నారు, సగం పని అక్కడే అయిపోతుంది. కథ కూడా మన జనానికి వెంటనే ఎక్కుతుంది. పోలీసు అధికారి స్కార్పియా ఆవిడ ప్రియుణ్ణి పట్టుకుని చిత్రహింసలు పెట్టి, నువ్వు నాకు లొంగితే వాణ్ణి వదిలేస్తానంటాడు, ఆవిడ భోజనాల బల్ల మీద కత్తి చూస్తుంది, పొడిచేస్తుంది. అంతే. ఇంతకన్నా మలుపులు తిరిగే కథ తీసుకుంటే చెప్పడానికే టైమ్ అయిపోద్ది.

ఇంకో సౌకర్యం, పుచ్చీనీ 1924లో పోయాడు, ఇండియాలో రచయిత పోయాక 60 ఏళ్ళు దాటితే కాపీరైట్ ఉండదు కాబట్టి నొటేషన్‌కి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, పియానో స్కోర్లు ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. రికార్డింగుల సంగతి వేరు, వాటికి హక్కులు విడిగా ఉంటాయి, స్టేజ్ మీద వాడకండి.

తర్వాత వినండి, చూడండి, బాగా ఎక్కువగా

1964లో లండన్ కోవెంట్ గార్డెన్ ఒపెరా హౌస్‌లో తోస్కాగా మరియా కాలస్, స్కార్పియాగా టీటో గోబ్బి చేసిన రెండో అంకం ఫిల్మ్ ఉంది, అది మొదట చూడండి, నవ్వు సంగతి పూర్తిగా మర్చిపోయి చూడండి. తర్వాత రెనాటా తెబాల్డీని వినండి, లియోంటీన్ ప్రైస్‌ని వినండి, మాగ్దా ఒలివేరోని తప్పకుండా వినండి, ఆవిడ 1975లో 65 ఏళ్ళ వయసులో మెట్‌లో మొట్టమొదటిసారి అడుగుపెట్టింది, అదీ తోస్కాగానే. మరియా యెరిట్జా అయితే ఈ అంకంలో తోస్కా ఒక్కతే పాడే పెద్ద పాట, "విస్సీ దార్తే" అనే ఆరియాని, నేల మీద బోర్లా పడుకుని పాడి పేరు తెచ్చుకుంది. ఒక్కొక్కరూ ఒక్కో రకం, ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చారు, ఎవరు ఏడుపుని గొంతులోకి తెచ్చారు, ఎవరు శాలువాని ఎలా సర్దుకున్నారు, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాస్కోండి. మీ దీవా ఈ నోట్‌బుక్‌లోంచే పుడుతుంది.

రాస్కునేటప్పుడు ఏం పట్టుకోవాలో చెప్తాను. పై స్వరానికి సూటిగా వెళ్ళకుండా కింద నుంచి జారుకుంటూ ఎక్కడం. ఆ స్వరం దొరికాక వదలకపోవడం, పియానో వాయించే మనిషి ఆగి తలెత్తి చూసేదాకా. పెద్ద స్వరం ముందు హాలంతా వినబడేలా గాలి పీల్చడం. వయసైన గొంతులో వచ్చే ఆ నిదానమైన పెద్ద ఊపు. మంద్రంలోకి దిగినప్పుడు హఠాత్తుగా మగగొంతంత బరువుగా మోగడం, ఇది ఇటాలియన్ సొప్రానోలు నిజంగా చేసేదే. వీటిల్లో మూడు తీస్కోండి, అంతకన్నా వద్దు, మూడింటినీ మళ్ళీ మళ్ళీ వాడితే జనం ఆవిణ్ణి గుర్తుపడతారు, పదిహేను వాడితే గందరగోళం.

బతికున్న ఒక గాయనిని అచ్చంగా దింపేయకండి, నలుగురైదుగురిని కలిపి కొత్త మనిషిని చేయండి. ఆవిడ ఊరేంటి, గురువెవరు, ఏ థియేటర్‌తో ఎందుకు గొడవపడింది, ఎన్నిసార్లు రిటైరైంది, మొత్తం జాతకం మీ దగ్గర రాసుండాలి, స్టేజ్ మీద అందులో పదో వంతే వాడినా సరే.

ఎవర్ని చూసి నవ్వుతున్నాం

ఇది తేలకుండా రిహార్సల్ మొదలుపెట్టొద్దు. నవ్వు ఎప్పుడూ దీవా పట్టుదల మీద రావాలి, ఆవిడ గొప్పతనం మీద ఆవిడకున్న నమ్మకం మీద రావాలి. లావు మీద జోకులొద్దు, "ఆడంగి" తరహా జోకులు అసలొద్దు, మగాడు చీర కట్టాడు కాబట్టి నవ్వండి అనే పాత సినిమా కామెడీ ట్రాక్ బుద్ధి అస్సలు వద్దు. మన దగ్గర స్థానం నరసింహారావు గారు సత్యభామగా, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు కూచిపూడి భామాకలాపంలో స్టేజెక్కితే ఎవరూ వేళాకోళం చేయలేదు, ఆ నడకకీ ఆ చూపుకీ దండం పెట్టారు. వాళ్ళది పేరడీ కాదు, నాకు తెలుసు, కానీ వేషం మీద ఉన్న ఆ గౌరవం అంతా మీలో ఉండి, దాని పైన నవ్వు రావాలి. న్యూయార్క్‌లోనే చార్ల్స్ లడ్లమ్ 1983లో కాలస్ జీవితం ఆధారంగా గాలాస్ అనే నాటకం రాసి తనే ఆ పాత్ర వేశాడు, అందులో కామెడీ ఎంతుందో విషాదం అంతుంది. ఆయన 1987లో ఎయిడ్స్‌తో పోయాడు, ఆ తరం కళాకారులు ఎంతోమంది అలాగే వెళ్ళిపోయారు, ఈ కళ ఎలాంటి రోజుల్లో నిలబడిందో చేసేవాళ్ళకి తెలిసుండాలని నేను గట్టిగా అనుకుంటాను.

గొంతు: దీనికి నెలలు పడతాయి

ఫాల్సెట్టోలో స్వరతంత్రుల అంచులు మాత్రమే పల్చగా కదుల్తాయి, అందుకే బలం పెట్టి తోస్తే పని చేయదు, గొంతు పోతుంది. పెదాలు బుర్రుమనిపిస్తూ పై నుంచి కిందకి జారండి, తర్వాత "ఊ" మీద అదే పని, పై నుంచి కిందకే, కింద నుంచి పైకి లాగడం తర్వాత నేర్చుకోవచ్చు. రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు చాలు, నొప్పి అనిపిస్తే అక్కడితో ఆపేయండి. బొంగురు రెండు వారాలు దాటి తగ్గకపోతే ఇఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, కషాయాలతో కాలయాపన చేయొద్దు. వీలుంటే పాశ్చాత్య సంగీతం నేర్పే టీచర్ ఎవరి దగ్గరైనా కొన్నాళ్ళు కూర్చోండి, కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకి శృతి, ఊపిరి బాగానే ఉంటాయి గానీ గొంతు పెట్టే చోటు వేరు.

"విస్సీ దార్తే"లో పైకి వెళ్ళే స్వరం చాలా ఎత్తు, మామూలు మగ ఫాల్సెట్టోకి అందదు, అందినా చివర చిరిగిపోద్ది. సిగ్గుపడకుండా శృతి మూడు నాలుగు మెట్లు దించుకోండి, పియానో వాయించేవాళ్ళకి ముందే చెప్తే రాసి పెట్టుకుంటారు. భాష విషయంలో మనకి కలిసొచ్చేది ఒకటుంది, ఇటాలియన్ త, ద మన త, ద లాగానే పళ్ళకి నాలుక తగిలి వస్తాయి, ఇంగ్లీష్ అలవాటులో ట, డ అనేయకండి, తోస్కా అనండి, టోస్కా కాదు. ప్రతి మాటకీ అర్థం పక్కన తెలుగులో రాసి పెట్టుకోండి. నేను కళ కోసం బతికాను, ప్రేమ కోసం బతికాను, ఎవరికీ అపకారం చేయలేదు, దేవుడా నాకెందుకిలా చేశావు అని అడుగుతోంది ఆవిడ, అది తెలీకుండా చేతులు తిప్పితే అబద్ధం అని వెనక వరసవాడికి కూడా తెలిసిపోతుంది.

కరావోకే ట్రాక్ మీద చేయొద్దు, దయచేసి. ట్రాక్ మీ కోసం ఆగదు, దీవా కామెడీ అంతా ఆగడంలోనే ఉంది. ఒక్క పియానో మనిషి ఉంటే చాలు, ఓపిక ఉన్న మనిషిని వెతుక్కోండి.

సీన్ కట్టడం

ఇది అసలైన భాగం కాబట్టి వివరంగా చెప్తున్నా. హత్య అయ్యాక తోస్కా ఏం చేయాలో పుచ్చీనీ స్కోర్‌లోనే వరసగా రాసుంది. బల్ల మీద నీళ్ళతో రుమాలు తడిపి వేళ్ళు తుడుచుకుంటుంది. అద్దం ముందు జుట్టు సర్దుకుంటుంది. ప్రియుడితో ఊరు దాటడానికి స్కార్పియా రాసిచ్చిన పాస్ కోసం బల్ల మీద వెతుకుతుంది, చివరికి అది శవం గుప్పిట్లో ఉందని చూస్తుంది. చెయ్యెత్తి కాగితం లాక్కుని చెయ్యి వదిలేస్తే అది దభీమని పడుతుంది. అప్పుడు "ఇతని ముందు రోమ్ అంతా వణికేది" అనే వాక్యం, కింది స్థాయిలో, చాలామంది దాదాపు మాటలాగే అనేస్తారు. వెళ్ళబోయి ఆగి, రెండు కొవ్వొత్తులు తెచ్చి తలకి అటొకటి ఇటొకటి పెడుతుంది, గోడ మీది శిలువ తీసి గుండెల మీద పెడుతుంది, దూరంగా డ్రమ్ములు మోగుతాయి, వెళ్ళిపోతుంది. ఈ కొవ్వొత్తుల పని ఒపెరా కంటే పాతది, 1887లో ఫ్రెంచ్ నాటకకర్త సార్దూ నటి సారా బెర్నార్ కోసం రాసిన నాటకంలోంచి వచ్చింది.

ఇవన్నీ వదలకుండా చేయాలి, సంగీతానికి సరిగ్గా పడేలా చేయాలి. ఏ పనీ కొత్తగా పెట్టక్కర్లేదు, ఉన్న పనుల్లో రెండింటిని మాత్రం చెడగొట్టండి. నాకు నచ్చినవి ఇవి. ఒకటి గుప్పిట. శవం చెయ్యి తెరుచుకోదు, ఆవిడ ఒక వేలు విప్పితే ఇంకోటి మూసుకుంటుంది, ఆవిడ మొహంలో మాత్రం మహా విషాదం చెక్కు చెదరదు, సంగీతం ముందుకెళ్ళిపోతోంది, చివరికి పియానో వైపు ఒక్క చూపు చూస్తే పియానో అదే రెండు స్వరాలు మళ్ళీ మళ్ళీ వాయిస్తూ కాచుకుని ఉంటుంది. రెండోది గౌను తోక. శిలువ పెట్టడానికి వంగినప్పుడు ఆ తోక శవం చెయ్యి కింద ఇరుక్కోవాలి, అది ఆవిడకి తెలీదు, డ్రమ్ములు మోగాక ఠీవిగా నడవబోతే కదల్లేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. ముందుకే చూస్తూ, గడ్డం ఎత్తి, శవాన్ని కూడా లాక్కుంటూ వెళ్ళిపోవాలి. స్కార్పియా వేసేవాడు సాఫీగా జారే బట్ట వేసుకుంటే మీ పని తేలిక.

"ఇతని ముందు రోమ్ అంతా" దగ్గర మీ సొంత మగగొంతుని ఒక్కసారి బయటికి రానివ్వండి. ఆ ఒక్క చోటే. అంతదాకా ఎక్కడా జారకుండా ఉంటే అది బాంబులా పేలుతుంది.

ఇక హత్యకి ముందు వచ్చే ఆరియా సంగతి. మొదటి సగంలో నవ్వించండి, స్కార్పియా చెంచా నోటిదాకా తెచ్చి ఆవిడ చూపుకి భయపడి ఆగిపోవడం లాంటివి పెట్టుకోండి. రెండో సగంలో ఒక్క జోకు కూడా వద్దు. చేతులు కిందకి వదిలేసి, మీకు చేతనైనంత అందంగా పాడండి, నిజంగా. నవ్వుతున్న జనం నిశ్శబ్దం అయిపోతారు, ఎందుకు గొంతు పట్టేసిందో వాళ్ళకే తెలీదు. ఇది జరగకపోతే మీ ఐటమ్ ఇంకా తయారవలేదని అర్థం, తేదీ వాయిదా వేసుకోండి.

స్కార్పియాగా వేసే మనిషి కామెడీ చేయకూడదు. అసలు సిసలు ఒపెరాలో ఉన్నట్టే గంభీరంగా ఉండాలి. కత్తి మొద్దుది, కొవ్వొత్తులు బ్యాటరీవి, విగ్గుల పక్కన నిజం మంట పెట్టకండి. మూడో అంకంలో తోస్కా కోట మీంచి దూకే సీన్ కూడా చేయాలని ఉబలాటపడితే అరడుగు మెట్టు మీంచి పరుపు మీదకి దూకండి, పరుపు పక్కన ఒక మనిషి ఉండాలి.

కథ చెప్పే ఆవిడ

మన హాల్లో నూటికి తొంభై మందికి తోస్కా తెలీదు. లా గ్రాన్ షేనాలో కూడా సిల్వియా బిల్స్ అనే హోస్టెస్ పాత్ర ఉండేది, అమెరికన్ గాయని బెవర్లీ సిల్స్‌ని తలపించే రిటైరైన దీవా, ప్రతి సీన్ ముందు వచ్చి జనానికి పరిచయం చేసేది. మీరు కూడా ఇంకో డ్రాగ్ కళాకారుడితో తెలుగులో అది చేయించండి. హరిదాసు గారు పిట్టకథ చెప్పే ధోరణి ఉన్నవాడైతే మరీ మంచిది. రెండు నిమిషాల్లో ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో తేలిపోవాలి. మధ్యమధ్యలో మా తోస్కా గారి కన్నా నేను ఎంత బాగా పాడేదాన్నో కూడా చెప్పుకోవచ్చు.

బట్టలు, మేకప్, విగ్గు

రిహార్సల్ మొదటి రోజు నుంచే పొడుగు లంగా, వెనక తోక కట్టుకుని తిరగండి. తిరిగేటప్పుడు కిందకి చూడకుండా లోపలి వైపు కాలితో తోకని వెనక్కి తోయాలి, ఇది ఒంటికి పట్టడానికి చాలా రోజులు పడుతుంది. కార్సెట్ బిగించేటప్పుడు నిండా ఊపిరి పీల్చి పట్టుకోండి, ఆ స్థితిలో తాళ్ళు కట్టమనండి, కింది పక్కటెముకలు కదలకపోతే పాడలేరు. నడుము సన్నగా కనబడాలంటే బిగించడం కంటే తుంటికి ఫోమ్ పెట్టడం నయం. గౌన్ కోసం డిజైనర్ అక్కర్లేదు, వెల్వెట్ కర్టెన్ గుడ్డ, జరీ అంచు, మీ వీధి టైలర్ చాలు. నగలు డాన్స్ నగల షాపులో పెద్దవిగా చూసి తీస్కోండి, చివరి వరసకి మెరవాలి.

మేకప్‌కి ముందు నున్నగా షేవ్ చేసుకోండి. కనుబొమ్మలు కనబడకుండా చేయడానికి గ్లూ స్టిక్ పైకి దువ్వుతూ మూడు పూతలు, ఒక్కో పూత పూర్తిగా ఆరాక ఇంకోటి, తర్వాత పౌడర్ అద్దండి. గడ్డం నీలిఛాయ మీద నారింజ రంగు కరెక్టర్ పల్చగా, దాని మీద స్టేజ్ ఫౌండేషన్, మళ్ళీ పౌడర్. కొత్త కనుబొమ్మ అసలు దానికి వేలెడు పైన గీయండి, కళ్ళకి కాలస్ లాగా తోక తీసిన ఐలైనర్. కొత్త సరుకేదైనా ముందు రోజు మోచేతి లోపల రాసి చూసుకోండి. విగ్గుకి టోపీ, పిన్నులు గట్టిగా, తల విదిలించి చూసి అప్పుడు బయటికి రండి.

రావడం, దండం పెట్టడం

భామాకలాపంలో సత్యభామ మొహం చూపించకుండా ముందు తెర మీంచి జడ వేస్తుంది కదా, దీవా ప్రవేశం అంటే అదీ. మీరు కూడా ముందు గ్లవ్ వేసిన చెయ్యి ఒక్కటే తెర పక్క నుంచి చూపించండి, ఆగండి, చప్పట్లు వచ్చేదాకా మిగతా మనిషి రాకూడదు. రాకపోతే? చెయ్యి వేళ్ళతో బల్ల మీద కొట్టినట్టు గాల్లో ఆడించండి, వస్తాయి.

చివర్లో దండాలు ఆరియా అంత శ్రద్ధగా రిహార్సల్ చేయాలి. తెర పట్టుకుని నీరసంగా రావాలి, ఇంతమంది ఉన్నారా అన్నట్టు ఆశ్చర్యపోవాలి, చెయ్యి గుండె మీద. మొదటి చూపు పై బాల్కనీకి, చవక టికెట్లవాళ్ళకి, అసలైన అభిమానులు అక్కడే ఉంటారు. తర్వాత మధ్యకి, తర్వాత పక్కలకి. ఒక మోకాలు నెమ్మదిగా వంచి నేల దాకా దిగి, లేచేటప్పుడు దిగినదానికి రెట్టింపు టైమ్ తీస్కోవాలి. పియానో వైపు చెయ్యి చూపించి, వాళ్ళు లేవబోయేలోపు ఆ చెయ్యి మళ్ళీ మీ గుండె మీదకి తెచ్చేసుకోవాలి. బొకే ఇస్తే ఒక పువ్వు తీసి ముద్దు పెట్టి స్కార్పియాకి ఇవ్వాలి, అతను వాసన చూసేలోపు వెనక్కి తీస్కోవాలి. చివరిగా, ఇదే నా ఆఖరి ప్రదర్శన అని కన్నీళ్ళతో ప్రకటించి, వచ్చే షో తేదీ, టికెట్లు ఎక్కడ దొరుకుతాయో అదే ఊపిరిలో చెప్పేయండి.

దిగాక గంటసేపు మాట్లాడకండి, గుసగుసగా కూడా వద్దు, గోరువెచ్చని నీళ్ళు తాగండి. మేకప్ కొబ్బరినూనెతో కరిగించి తుడవండి. కనుబొమ్మల మీది గ్లూ మాత్రం లాగొద్దు, వెంట్రుకలు ఊడొస్తాయి, వేడినీళ్ళలో తడిపిన గుడ్డ రెండు నిమిషాలు అదిమి పట్టుకుంటే అదే వదులుతుంది.